క్రైస్తవ సంఘమున పరిచారకుల పదవి : అనుదిన సేవాచరిత్ర

సేవ యను మాట మన దేశమున రెండర్థములతో వాడుకయందున్నది. గుడిలో దేవునికి జేయునది సేవ. గురువులకు, తల్లిదండ్రులకు జేయునది సేవ. ఆ పనియే యూరి చివర నివసించువాడు కూలి లేక, కాదనుటకు వీలు లేక చేసినపుడు వెట్టి యయ్యెను. మొదటిది పుణ్యమని కీర్తింపబడెను. రెండవది నుదుటి వ్రాత యని చెప్పబడెను. చేయు పనిలో మాత్రము భేదమంతగా లేదు. నీరు మోయుట, అన్నము వడ్డించుట, రోగిని కడుగుట, శవమును మోసి పూడ్చుట యను పనులు రెండింటను గలవు. చేయువాడు తానై పూనుకొనెనా, లేక ఆ పని యతనిపై మోపబడెనా యనుటయందే భేదమంతయు నున్నది. వడ్డించు పనిని గౌరవపదవిగ నేర్పరచి, దానికి ఎన్నిక, పరీక్ష, లెక్క యను మూడు కట్టుబాట్లను గూర్చిన వ్యవస్థలలో క్రైస్తవ సంఘమునందలి పరిచారకుల పదవి మిక్కిలి ప్రాచీనమైనది.

కులమహాసభా సంచికయందు ఈ విషయము నేల వ్రాయవలెనని కొంద రడుగవచ్చును. మన వారిలో హిందూమతము నవలంబించినవారును, క్రైస్తవమతము నవలంబించినవారును గలరు. మతబోధ యీ వ్యాసముయొక్క యుద్దేశము గాదు. ఒక సంఘము తన బీదలను, విధవలను, రోగులను దినదినమును ఎట్లు పోషించుకొనెను, ఆ పని యెప్పుడు చక్కగ సాగెను, ఎప్పుడు చెడెను, ఏల చెడెను అను చరిత్ర యే మతమువారికైనను ఉపయోగకరమే. పదిమంది సొమ్ము పోగుచేసి పదిమందికి పంచవలసిన కులసంఘమున కది మరింత యుపయోగకరము. కావున ఆ చరిత్రను దిఙ్మాత్రముగ నిచట వివరింతును.

పదవి పుట్టుక

డియాకొనోస్ అను గ్రీకు మాటకు సేవకుడు, బంతిలో వడ్డించువాడు, ఒకరి పనిమీద పంపబడినవాడు అని యర్థములు గలవు. ఆ మాటయే ఇంగ్లీషున డీకన్ అయ్యెను. తెలుగు బైబిలునందు దానిని పరిచారకుడని యనువదించిరి. డీకనుగారని పిలుచు వాడుకయు మన సంఘములలో గలదు.

ఈ పదవికి మూలమని సంప్రదాయముగ జెప్పబడు వృత్తాంతము అపొస్తలుల కార్యముల గ్రంథము ఆరవ అధ్యాయమున నున్నది. యేసు మరణానంతరము యెరూషలేము నగరమున నేర్పడిన తొలి సంఘమువారు తమ యాస్తులను సమష్టిగ వాడుకొనుచు, బీదలకు ప్రతిదినము భోజనము పంచిపెట్టుచుండిరి. ఆ సంఘమున రెండు తెగలవారుండిరి. అరమేయిక భాష మాట్లాడు స్థానికులైన యూదులు ఒక తెగ; అన్యదేశములనుండి వచ్చి గ్రీకు భాష మాట్లాడు యూదులు రెండవ తెగ. ఇరువురును ఒకే జాతివారు, ఒకే విశ్వాసము గలవారు. అయినను అనుదిన పరిచర్యలో తమ విధవలను చిన్నచూపు చూచుచున్నారని గ్రీకు భాషవారు సణిగిరి. దూరదేశములనుండి వచ్చి పవిత్రనగరమున చివరి దినములు గడుపుచున్న వృద్ధులు ఈ తెగయందు పెక్కుమంది యుండిరనియు, భర్త పోయిన పిమ్మట వారి స్త్రీలకు అచ్చట బంధువుల యండ లేకపోయెననియు చరిత్రకారు లూహించిరి.

ఈ ఫిర్యాదునకు పెద్ద లిచ్చిన సమాధానము శ్రద్ధతో గమనింపదగినది. సంఘైక్యమునకు భంగము గలిగించుచున్నారని వారు ఫిర్యాదు చేసినవారిని మందలింపలేదు. ఓపిక పట్టుడని చెప్పి పంపలేదు. పంచువారి పక్షమున సాక్ష్యములు చెప్పింపలేదు. సంఘమునంతటిని సమావేశపరచి, మంచి పేరును జ్ఞానమును గల యేడుగురిని మీరే యెన్నుకొనుడని చెప్పిరి. ప్రజ లెన్నుకొన్న యేడుగురి పేర్లు స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఇవి యన్నియు గ్రీకు పేర్లు. గ్రీకు పేర్లు స్థానికులకును గొందరి కుండెను గాన, పేరును బట్టియే నిర్ణయింప వలనుపడదు. అయినను ఆ యేడుగురిలో పెక్కుమంది, లేక అందరును, ఫిర్యాదు చేసిన తెగవారే యని పండితుల సామాన్యాభిప్రాయము. వారిలో నీకొలాసు పుట్టుకచే యూదుడు గూడ గాడు. అంతియొకయ నగరమునుండి వచ్చి యూదుమతమున జేరినవాడు. అనగా అన్యాయము జరిగినదని మొరపెట్టిన వారి చేతికే గరిటె నప్పగించిరి. తమ విధవలకు మాత్రమే గాక సంఘమునందలి విధవలందరికిని వడ్డించు భారమును వారిపై నుంచిరి.

ఆ యధ్యాయమున ఈ యేడుగురికి పరిచారకులను బిరుదు స్పష్టముగ నీయబడలేదు. పరిచర్య యను మాట మాత్రమే వాడబడినది. సుమారు 180వ సంవత్సరమున ఇరెనేయసు అను గ్రంథకర్త స్తెఫనును మొదటి డీకనుగ వ్రాసెను. కాని మొదటి శతాబ్దమునందే ఈ పదవి పలుచోట్ల వాడుకలోనికి వచ్చినది. పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన లేఖ మొదటనే అధ్యక్షులతోపాటు పరిచారకులను పేర్కొనెను. కెంక్రేయ రేవులోని సంఘమునకు ఫీబే యను స్త్రీ పరిచారకురాలుగ నుండెనని రోమీయులకు వ్రాసిన లేఖ చివర గలదు. తిమోతికి వ్రాసిన మొదటి లేఖయందు ఈ పదవికి దగిన గుణములు చెప్పబడినవి. రెండు నాలుకలు లేనివాడు, మద్యమునకు లోబడనివాడు, ధనాపేక్ష లేనివాడు కావలెను. మొదట పరీక్షింపబడి, పిమ్మట నియమింపబడవలెను. ఇందు వాక్చాతుర్యము గాని విద్వత్తు గాని కోరబడలేదు. సొమ్ము చేతులలో నుండువానికి, ఇంటింటికి దిరిగి పరుల కష్టములు వినువానికి ఏ గుణము లవసరమో అవియే కోరబడినవి.

తొలి శతాబ్దములలో పరిచారకుల పని

సుమారు 155వ సంవత్సరమున రోమునగరమున నుండిన జస్టిను అను విద్వాంసుడు తమ ఆరాధనాక్రమమును చక్రవర్తికి వివరించుచు నొక గ్రంథము వ్రాసెను. పవిత్రభోజనమునందలి రొట్టెను ఆరాధనకు రాలేకపోయినవారి యిండ్లకు పరిచారకులు గొనిపోవుచుండిరని యందు జెప్పెను. కలిగినవారు తమకు దోచినంత యిచ్చుచుండిరనియు, ఆ సొమ్ము అనాథలకు, విధవలకు, రోగులకు, చెరసాలలోని వారికి, పరదేశులకు వినియోగమగుచుండెననియు గూడ వ్రాసెను. సభకు వచ్చినవారికి వడ్డించుట సులభము. రాలేనివాడెవడో తెలిసికొని యతని గుమ్మమువరకు నడచుటయే పరిచారకుని యసలు పని.

251వ సంవత్సరమున రోము బిషప్పైన కొర్నేలియసు వ్రాసిన లేఖ యొకటి యుసేబియసు చరిత్రయందు భద్రపరుపబడియున్నది. అప్పటికి ఆ నగర సంఘమున పెద్దలు 46 మంది, పరిచారకులు 7 గురు, ఉపపరిచారకులు 7 గురు ఉండిరి. సంఘము పోషించుచుండిన విధవలు, దీనులు 1500 మందికి పైగ నుండిరి. ఏడను సంఖ్యను యెరూషలేము జ్ఞాపకార్థము మార్పక నిలుపుకొనిరి. కొర్నేలియసునకు ముందు బిషప్పుగ నుండిన ఫాబియను నగరము నేడు భాగములుగ పరిచారకులకు పంచియిచ్చెనని ప్రాచీన పట్టికలు చెప్పుచున్నవి. ఎవరి వాడలో నే విధవ యున్నది, ఎవరు మంచము పట్టిరి, ఎవరు చెరయం దుండిరి యను వివరము లేనిదే ఇంతమందిని పోషించుట యసాధ్యము గదా.

258వ సంవత్సరమున వలేరియను చక్రవర్తి సంఘాధికారులను వధింప నాజ్ఞాపించెను. రోము పరిచారకులలో లారెన్సు అనువాడు అప్పుడు మరణశిక్ష పొందెను. సంఘపు నిధులను దెచ్చి చూపుమని యధికారి కోరగా, లారెన్సు బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని వెంటబెట్టుకొని వచ్చి సంఘపు నిధులు వీరేయని చూపెనని యొక యైతిహ్యము గలదు. దీనిని నాలుగవ శతాబ్దాంతమున అంబ్రోసు అను బిషప్పు గ్రంథస్థము చేసెను. కథ యెంతవరకు యథార్థమైనను, పరిచారకు డనగా నెట్టివాడుగ నుండవలెనని నాటివారు తలంచిరో దానివలన దెలియుచున్నది.

ఈ పదవియందు దాసులును ఉండిరి. సుమారు 112వ సంవత్సరమున బితూనియా రాష్ట్రమును పాలించిన ప్లీనీ, ట్రాజను చక్రవర్తికి వ్రాసిన లేఖయందు, క్రైస్తవుల సంగతి దెలిసికొనుటకై యిద్దరు దాసీలను హింసించి విచారించితినని వ్రాసెను. వారిని సంఘమువారు పరిచారికలని పిలుచుచుండిరని గూడ జెప్పెను. రోమను శాసనము ప్రకారము ఆ స్త్రీలు యజమానుని సొత్తు. అంగడిలో అమ్మబడదగిన వస్తువులు. పగలంతయు నొకని యింట వారు చేయునది కట్టు చాకిరి. సంఘమున వారు చేయునదియు సేవయే. కాని యచ్చట వారికొక పదవియు నొక పేరును గలిగెను. పరిచర్యకును వెట్టికిని గల భేదమును గ్రహించుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. వారి పేర్లు మాత్రము చరిత్రకు దక్కలేదు.

మూడవ శతాబ్దమున సిరియా దేశమున వ్రాయబడిన డిడస్కాలియా యను ధర్మగ్రంథమున మరియొక విశేషము గలదు. సభలో నెవరికి చోటెచ్చట నను విషయమును పరిచారకుడు చూచుకొనవలెను. రోగులైన స్త్రీల యిండ్లకు బోయి పరిచర్య చేయుటకు పరిచారికలుండవలెను. బీదవాడు, ముఖ్యముగ వృద్ధుడు, సభకు వచ్చినపుడు చోటు లేనిచో, బిషప్పు తాను నేలపై గూర్చుండియైనను అతనికి చోటు చూపవలెను. ఎవరు ముందు గూర్చుండవలెను, ఎవరు గడప వెలుపల నిలువవలెను అను విషయమై తరతరములు నలిగిన మనవంటివారికి ఈ నియమముయొక్క విలువను వేరుగ జెప్ప నవసరము లేదు.

పదవి క్షీణించిన విధము

ఉన్నతమైన నియమము లున్నంతమాత్రమున మనుష్యు లందరును వానికి దగినట్లు నడచుకొందురని చెప్పరాదు. రెండవ శతాబ్దమున రోమున వ్రాయబడిన హెర్మాసు గ్రంథమునందే, విధవల, అనాథల జీవనమును దోచి తమ లాభము చూచుకొన్న పరిచారకులు నిందింపబడిరి. సొమ్ము చేతబట్టిన పదవికి ఈ ప్రమాద మాదినుండియు గలదు. చెడును దాచక తమవారి గ్రంథమునందే వ్రాసికొనుట యా నాటివారి గొప్పతనమని యెంచవలెను.

రెండవ ప్రమాదము గౌరవకాంక్ష. బిషప్పునకు సన్నిహితులై, ధనాగారము చేత నుంచుకొన్న పరిచారకులు క్రమముగ పెద్దలకంటె నెక్కువవారమని భావింపసాగిరి. 325వ సంవత్సరమున నికేయా మహాసభ తన 18వ నియమమున, పరిచారకులు పెద్దల నడుమ గూర్చుండరాదనియు, వారికి పవిత్రభోజనమును పంచరాదనియు విధించెను. వడ్డించుటకు బుట్టిన పదవి కూర్చుండు చోటును గూర్చిన తగవులో దిగినదని దీనివలన దెలియుచున్నది. సంఖ్యయు బెరిగెను. 535వ సంవత్సరమున జస్టీనియను చక్రవర్తి కాన్‌స్టాంటినోపిలు మహాదేవాలయమునకు 100 మంది పరిచారకులను, 40 మంది పరిచారికలను మించరాదని హద్దు పెట్టవలసి వచ్చెను.

సంఖ్య హెచ్చినను పని హెచ్చలేదు. బీదల పోషణము మఠములకును, ధర్మశాలలకును, దాతలైన ప్రభువులకును పోయెను. పడమటి సంఘములలో పరిచారకత్వము గురుపదవి నెక్కుటకు ఒక మెట్టుగ మాత్రమే మిగిలెను. నేడు పరిచారకుడు, మరునాడు గురువు. మెట్టుపై నెవడును నిలువడు, పైకెక్కుటకే చూచును. స్త్రీ పరిచారికల పదవి మధ్యయుగములలో దాదాపు కనుమరుగయ్యెను. పేరు నిలిచెను, వస్త్రము నిలిచెను, ఆరాధనలో స్థానము నిలిచెను. విధవ గుమ్మమునకు నడచు కాళ్లు మాత్రము నిలిచిపోయెను.

పునరుద్ధరణము

పదునారవ శతాబ్దపు మతసంస్కరణ కాలమున ఈ పదవి తిరిగి తన పూర్వపు పనికి వచ్చెను. జెనీవా నగరమువారు 1535వ సంవత్సరమున సర్వజన వైద్యశాల నొకదానిని స్థాపించిరి. అచ్చట రోగులతోపాటు అనాథలును, వృద్ధులును పోషింపబడుచుండిరి. 1541వ సంవత్సరమున జాన్ కాల్విను కూర్చిన సంఘ నిబంధనలలో బోధకులు, ఉపాధ్యాయులు, పెద్దలు, పరిచారకులు అను నాలుగు పదవులు విధింపబడెను. పరిచారకులు రెండు తెగలు. ధర్మనిధిని వసూలుచేసి, భద్రపరచి, లెక్క చూచువారు మొదటి తెగ. రోగులకు, బీదలకు స్వయముగ పరిచర్య చేయువారు రెండవ తెగ. లెక్క వ్రాయు చేయియు, గంజి త్రాగించు చేయియు రెండును పరిచర్యయే యని ఈ విభాగము చెప్పుచున్నది. మతహింసకు దాళలేక ఫ్రాన్సునుండి వచ్చిన కాందిశీకులకై వేరుగ నొక నిధి యేర్పడెను. దానినుండి రోగులకు, అనాథలకు, పని వెదకుకొనువారికి సహాయము చేయబడుచుండెను. ఆ నిధి పరిచారకులు పైసా పైసాకు వ్రాసిన లెక్కల పుస్తకములు నేటికిని నిలిచియున్నవి. ఇట్టి చిట్టాలవలననే వారి ధర్మము ధర్మముగ నిలిచెను.

పదునేడవ శతాబ్దమున ఇంగ్లాండునందు బుట్టిన బాప్తిస్టు సంఘములు పదవులను రెండింటికి దగ్గించెను: కాపరి, పరిచారకుడు. పరిచారకులను సంఘసభ్యులే యెన్నుకొందురు. ప్రభువు బల్ల, బీదల బల్ల, కాపరి బల్ల యను మూడు బల్లల కొరత చూచుట వారి పని యని యా సంఘములలో పెద్దలు చెప్పుట వాడుక.

1836వ సంవత్సరమున జర్మనీ దేశమున రైను నదీతీరమందలి కైసర్స్‌వెర్తు గ్రామమున థియొడోర్ ఫ్లీడ్‌నరు అను కాపరి స్త్రీ పరిచారికలకు శిక్షణాలయమును స్థాపించెను. రోగులకు సేవచేయుట శాస్త్రీయముగ నేర్పిన ఆ స్థలమున ఫ్లారెన్సు నైటింగేలు 1851వ సంవత్సరమున శిక్షణ పొందెను. పెండ్లి లేని స్త్రీకి గౌరవముతో గూడిన యుద్యోగము దొరకుట యరుదైన కాలమున ఈ సంస్థ యెందరికో తోవ చూపినది. అయినను అచ్చట జీతము లేదు, శిరసావహించు విధేయత మాత్రము కలదు. సేవ యను పేరున స్త్రీల శ్రమను ఉచితముగ వాడుకొనుట యుచితమా యను ప్రశ్న పిమ్మట పుట్టుట సహజము. పరిచర్యకు గౌరవముతోపాటు కూడును గూడును గూర్చవలసిన బాధ్యత సంఘముపై నున్నదని దీనివలన నేర్చుకొనవలెను.

రోమను కతోలిక సంఘమువారును 1964వ సంవత్సరమున వాటికను రెండవ మహాసభయందు పరిచారకత్వమును స్థిరమైన పదవిగ మరల నెలకొల్ప నిశ్చయించిరి. 1967వ సంవత్సరమున ఆరవ పౌలు పోపు దానికి నియమములు విధించెను. వివాహితులైన పురుషులును ఈ పదవి నొందవచ్చునని యొప్పుకొనుటచే, మెట్టుగ మారిన పదవి మరల నిలువదగిన చోటయ్యెను.

తెలుగుదేశమున

ఈ చరిత్రకు మన తెలుగుదేశముతో సాక్షాత్సంబంధము గలదు. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1840వ సంవత్సరమున నెల్లూరున పని ప్రారంభించిరి. 1866వ సంవత్సరమున జాన్ ఎవెరెట్ క్లౌ ఒంగోలునకు వచ్చెను. ఆ సంవత్సరమే తోళ్ల వర్తకము చేయుచుండిన యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు బాప్తిస్మము పొంది, తన బంధువుల పల్లెలలో దిరిగి బోధింప మొదలిడెను. 1867వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘ మేర్పడెను. ఈ వ్యాప్తిలో దొరలకంటె పేరయ్యవంటి పల్లెవారి కాళ్లే యెక్కువ నడచెను.

క్రొత్తగ చేరినవారు జాతరలలో డప్పు కొట్టుటకును, ఆదివారమున పొలము పనికి వచ్చుటకును సమ్మతింపలేదు. అందువలన పలు గ్రామములలో వారిని పనులకు పిలుచుట మానిరి; బావులకు, దారులకు అడ్డుపెట్టిరి. మాట వినని సేవకుడు ఊరికి పనికిరాడని నాటి కట్టుబాటు. అట్టి దినములలో ఒక కుటుంబమునకు గింజలు లేనపుడు రెండవ కుటుంబము పెట్టుటయే సంఘమునకు ప్రాణము. ఆ యేర్పాటునకు క్లౌ క్రొత్త సంస్థ నేదియు విదేశమునుండి దెచ్చి మోపలేదు. మాదిగపల్లెలలో పూర్వమునుండి యున్న పెద్దల పంచాయతీనే యాధారముగ గొని సంఘకార్యములు నడిపెను. ఊరివారికి వెట్టి చేసిన మనుష్యులే తమలో తాము పెద్దలై, కానుక పోగుచేసి, తగవు దీర్చి, శవమును సాగనంపి, విధవకు గింజలు కొలిచి పెట్టిరి. డీకనను మాట యెరుగని పల్లెలలో గూడ డీకను పని జరుగుచుండెను.

1876వ సంవత్సరము మొదలు 1878వ సంవత్సరము వరకు దక్షిణదేశమును ధాత కరవు పట్టి పీడించెను. కరవు పనిగ బకింగ్‌హాము కాలువ త్రవ్వబడుచుండగా, క్లౌ మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టు పుచ్చుకొనెను. సంఘపు బోధకులు మేస్త్రీలై పని చూచిరి. ఆకలిగొన్న వేలకొలది జనులు, క్రైస్తవులును కానివారును, అచ్చట పనిచేసి కూలి గొనిరి. ఈ కాలమున జరిగిన యొక విషయము మిక్కిలి ముఖ్యమైనది. మతములో జేరుదుమని యెందరు వచ్చి బ్రతిమాలినను, కరవు సహాయము సాగుచున్నంత కాలము క్లౌ బాప్తిస్మము లీయలేదు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని యతని యభిప్రాయము. సహాయపు పని ముగిసిన పిమ్మట 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగ వంతులు మార్చుకొనుచు ఆ కార్యమును నెరవేర్చిరి. కూటిక్రైస్తవులను నింద యంతటితో మాసిపోలేదు; అది వేరు సంగతి. అన్నము పెట్టునపుడు ప్రతిఫలము నడుగరాదను ధర్మము మాత్రము ఆ కాలువగట్టున స్థాపింపబడెను.

ఆంగ్లికను సంఘమున 1909వ సంవత్సరమున డీకనుగ నభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1912వ సంవత్సరమున దోర్నకల్లు బిషప్పయ్యెను. ఆ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడతడే. తిరునల్వేలి ప్రాంతమునుండి వచ్చి, తెలుగు నేర్చి, మాల మాదిగ పల్లెలనే తన పనికి బట్టుగొమ్మగ జేసికొనెను. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు దోర్నకల్లు అందులో భాగమయ్యెను. మన పల్లె సంఘములలో వంట కెసరు పెట్టునపుడెల్ల ఇల్లాలు దేవుని పేర పిడికెడు బియ్యము వేరుగ దీసియుంచు నాచారము గలదు. చేత కాసు లేని కూలియింటి స్త్రీయు ఇచ్చునదిగ నుండెనే గాని పుచ్చుకొనునదిగ మాత్రమే యుండలేదు. పరిచర్యయొక్క రహస్య మంతయు ఆ పిడికెడు బియ్యమునందే యున్నది.

ఇంతమాత్రముచే కులభేదము సంఘముల గడప దాటి పోయెనని చెప్పిన నసత్యమగును. 1833వ సంవత్సరమున కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను, దక్షిణదేశపు సంఘములలో కులమును బట్టి వేరు చోట్ల గూర్చుండుటను, పవిత్రభోజనమునందు ముందువెనుకలను మానవలెనని యాజ్ఞాపింపగా, పెక్కుమంది సంఘమును విడిచిపోయిరే గాని కులమును విడువలేదు. తెలుగునాట మాల మాదిగ భేదము సంఘపు టెన్నికలలోను, పెండ్లిండ్లలోను నేటికిని గానవచ్చుచున్నది. సంఘపు టాస్తులకై వ్యాజ్యము లాడువారును, డీకను పదవిని కుర్చీగ నెంచువారును లేకపోలేదు. నికేయా మహాసభ చూచిన తగవే వేషము మార్చుకొని మన యెదుట నిలిచియున్నది.

మన మహాసభకు నేర్పు పాఠము

ఈ చరిత్రనుండి కులసంఘములు గ్రహింపదగిన విషయములు కొన్ని గలవు. మొదటిది, ఫిర్యాదును ద్రోహముగ నెంచరాదు. మాకు రాలేదని మొరపెట్టు శాఖవారు, మారుమూల గ్రామమువారు, స్త్రీలు సంఘమును చీల్చువారు గారు. సంఘమునకు గ్రుడ్డియైన చోటును జూపువారు. వారిని సముదాయించి పంపుటకంటె, పంచు పనిలో వారిని నియమించుట మేలు. విద్యార్థి వేతనములు పంచు ఉపసంఘమున వేతనము రాని గ్రామమువాడే యుండవలెను.

రెండవది, పరీక్షింపక పదవి నీయరాదు. చందాల పుస్తకము చేతబట్టువానికి వేదికపై మాటలాడు నేర్పు లేకపోయినను కొరత లేదు. రెండు నాలుకలు మాత్రము ఉండరాదు. మూడవది, లెక్క వ్రాయవలెను, సభలో చదివి వినిపింపవలెను. జెనీవా కాందిశీకుల నిధి దాతల ఔదార్యమువలన బుట్టెను, లెక్కల పుస్తకములవలన బ్రతికెను. నాలుగవది, సహాయమునకు వెల కట్టరాదు. ఓటుకొరకో, జయజయధ్వానములకొరకో పెట్టిన యన్నము పుచ్చుకొనువాని నవమానించును.

అయిదవది యన్నింటికంటె ముఖ్యము. మహాసభకు వచ్చినవారు బలవంతులు. రైలు కూలి పెట్టుకొనగలవారు, పని మానుకొని మూడు దినములు గడపగలవారు వచ్చితిరి. రాలేనివారు మన పల్లెలలో నున్నారు. మంచము పట్టినవారు, భర్త పోయిన స్త్రీలు, బడి మానిన పిల్లలు, వలసపోయిన కొడుకుల కెదురుచూచు ముదుసలులు ఈ పందిటిలో లేరు. జస్టిను కాలపు పరిచారకుడు సభ ముగియగనే రొట్టె చేతబట్టి బయలుదేరినది అట్టివారి యిండ్లకే. మన తీర్మానము లెన్నియైనను, అవి యా గుమ్మములవరకు నడవనిచో కాగితములే యగును.

మన తాతముత్తాతలచేత సేవ చేయించుకొన్నవారు సేవ యను మాటకే యవమానము గలిగించిరి. ఆ యవమానమునకు జంకి మనము సేవను విడుచుట తగదు. కట్టుచాకిరిని విడువవలెను, పరిచర్యను పట్టవలెను. ఒకరి యాజ్ఞకు వెరచి వంగిన నడుము వేరు. పడిపోయినవానిని లేవదీయుటకు వంగిన నడుము వేరు. సోదర సోదరీమణులారా, ఈ మహాసభ ముగిసి మీ మీ గ్రామములకు మరలినపుడు, ప్రతి గ్రామమున మంచి పేరు గల యేడుగురి నెన్నుకొనుడు. ఏడుగురు దొరకనిచో ఇద్దరితో నారంభింపుడు. వారిలో నొక స్త్రీ యుండునట్లును, లోపము చూపి సణుగువాడొకడుండునట్లును జూడుడు. వారి చేతికి బిరుదుల నీయక, ఒక లెక్కపుస్తకమును, రాలేకపోయినవారి పేర్ల పట్టికను ఇండు. అట్టి పరిచారకులు మన సంఘమున దినదినాభివృద్ధి నొందుదురు గాక.